గుగ్గిలం చెట్టు, అయిదు కోట్ల ఏళ్ల అంబర్

తుమ్మబంకను నీళ్లలో వేస్తే నాని కరుగుతుంది. గుగ్గిలం ముక్క రాత్రంతా నీళ్లలో ఉన్నా తెల్లారేసరికి అలాగే ఉంటుంది. పాత శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఏజెన్సీ కొండల్లో పెరిగే సాలవృక్షం, అదే గుగ్గిలం చెట్టు, బెరడుకు గాటు పడితే కార్చే రసమిది. గాలి తగిలి గట్టిపడుతుంది. నొక్కితే పెళుసుగా విరుగుతుంది. దీపానికి అడ్డంపెడితే తేనెరంగు వెలుగు దిగుతుంది. ఒకప్పుడు నూనెతో కాచి పడవల అతుకులకు పట్టించిందీ దీన్నే.

ఇలాంటి ముక్క మట్టిలో కోట్ల ఏళ్లు పడి ఉంటే అంబర్ అవుతుంది. గుజరాత్‌లోని వస్తాన్ లిగ్నైట్ గనిలో దొరికిన అంబర్ వయసు 5 కోట్ల ఏళ్లు పైమాటే. 2010లో వెలువడిన పరిశోధనలో సుమారు 150 కిలోల అంబర్ గాలించి 700కు పైగా పురుగులను, సాలీళ్లను బయటికి తీశారు. నన్ను ఎక్కువగా కదిలించింది మాత్రం ఆ అంబర్‌ను కార్చిన చెట్టు ఏదన్న సంగతి. అది డిప్టెరోకార్పేసీ కుటుంబానిది. మన గుగ్గిలం చెట్టుదీ ఆ కుటుంబమే! కాడినీన్ అనే 15 కార్బన్ల అణువులు గొలుసుకట్టడం ఆ కుటుంబపు జిగురుకు ఆనవాలు. దాన్ని ద్రవ్యరాశి వర్ణపటంలో పట్టుకున్నారు.

అంబర్ ఎక్కడిదో తేల్చడంలో పరారుణ వర్ణపటానిది మరో దారి. బొబ్బిలి వీణ మీద లావు తీగ మంద్రంగా, సన్న తీగ తారంగా పలుకుతాయి. బిగిస్తే స్థాయి పెరుగుతుంది. అణువుల్లోని బంధాలూ అంతే. పరమాణువుల బరువును, బంధం బిగువును బట్టి ఒక్కో బంధం ఒక్కో తరంగాన్ని పీల్చుకుంటుంది. బాల్టిక్ అంబర్ పటంలో 1250, 1175 తరంగసంఖ్యల (సెంటీమీటరుకు ఎన్ని తరంగాలన్న లెక్క) మధ్య గీత అరుగులా చదునుగా సాగి, ఆ వెంటనే 1150 దగ్గర శిఖరం లేస్తుంది. దాన్ని 1960ల్లో అమెరికా రసాయనవేత్త కర్ట్ బెక్ గుర్తించాడు. గ్రీసు ప్రాచీన సమాధుల్లోని పూసలు బాల్టిక్ తీరం నుంచి వచ్చాయని ఆ అరుగే చెప్పింది.

విశాఖలో బాల్యం గడిపిన సి.వి.రామన్ 1928లో కనిపెట్టిన ఫలితమూ ఇక్కడ అక్కరకొస్తుంది: వస్తువుపై పడి చెదిరిన కాంతిలో కొంత, అణుబంధాల కంపనాలను బట్టి రంగు మారుతుంది. ఆకుపచ్చ లేజర్ తగిలితే అంబర్ తానే మెరిసి అసలు సంకేతాన్ని ముంచేస్తుంది. అందుకని 1064 నానోమీటర్ల పరారుణ లేజర్ వాడతారు. చాలా రకాల జిగుళ్లలో ముదిరేకొద్దీ కార్బన్ జంటబంధాలు తరిగి, రామన్ వర్ణపటంలో 1640 తరంగసంఖ్య దగ్గరి రేఖ కుంగుతుంది. నిన్నమొన్నటి జిగురును అంబర్ అని అమ్మితే ఆ రేఖ పట్టిస్తుంది.

వస్తాన్ అంబర్ మాత్రం అంత కాలమైనా పూర్తిగా బిగుసుకోలేదు. గుగ్గిలం టర్పెంటైన్‌లో కరిగినట్టే అదీ సేంద్రియ ద్రావకాల్లో కరుగుతుంది. పరిశోధకులు దాన్ని కరిగించి, లోపలి పురుగులను కాళ్లు, మీసాలతో సహా పూర్తిగా బయటికి తీయగలిగారు.