బట్టల వర్తకుని వేషమున మతాచార్యుడు

హాస్యము వినోదమునకే గాని రాజ్యకార్యములకు పనికిరాదని తలచువారు జోనాథన్ స్విఫ్టు చరిత్రము నొకమారు పరికింపవలెను. 1667లో డబ్లిను నగరమున జన్మించిన యీయన, 1713 మొదలు అచ్చటి సెంట్ పాట్రిక్ దేవాలయమునకు ప్రధానాచార్యుడు. ధర్మబోధ చేసిన నోటితోనే అధికార మదమును పరిహసించెను.

నాటి ఐర్లండు పేరునకు రాజ్యమే. పగ్గములు మాత్రము లండనున నుండెను. 1699 నాటి శాసనము ఐరిష్ ఉన్నిబట్టల విదేశవిక్రయము నరికట్టగా మగ్గములు మూలబడెను. స్వదేశవస్త్రములనే ధరింపుడని స్విఫ్టు 1720లో కరపత్రము ప్రకటించెను. దాని ముద్రాపకుడు నిర్దోషి యని జూరీవారు చెప్పగా, న్యాయాధిపతి వారిని తొమ్మిదిమారులు త్రిప్పి పంపెను!

1722లో విలియం వుడ్ అను ఆంగ్ల ఇనుపవ్యాపారి 1,00,800 పౌనుల విలువగల రాగినాణెములను ఐర్లండున చెలామణి చేయు హక్కును సంపాదించెను. ఐర్లండు శాసనసభ నడిగినవారు లేరు. 1724లో స్విఫ్టు బట్టల వర్తకుని వేషమున లేఖలు వ్రాసెను. అందు పాండిత్య ప్రదర్శనము లేదు, అంగడి లెక్కలే. ఈ రాగితో శిస్తు చెల్లించినచో భూస్వామి దానిని మోయించుటకు గుర్రముల మందయే కావలెనని నవ్వించెను. నవ్వినవారిచే నాణెములను నిరాకరింపజేసెను. నాలుగవ లేఖ కర్తను చూపినవారికి ప్రభుత్వము 300 పౌనుల బహుమానము ప్రకటించెను. కర్త యెవరో నగరమెల్ల నెరుగును, చెప్పినవాడొకడును లేడు. 1725లో ఆ హక్కు రద్దయ్యెను.

పత్తిబేరములకు పేరొందిన భైంసా వర్తకులకును, హాలీసిక్కా, కల్దారు మారకపు చిక్కులను పెద్దలవలన వినిన రైతులకును ఈ కథ పరాయిది కాదు. 1726లో వెలువడిన గలివరు యాత్రలు ఆంధ్రదేశమునకును చేరినవి. కందుకూరి వీరేశలింగము పంతులుగారి ‘సత్యరాజా పూర్వదేశ యాత్రలు’ వానినుండి ప్రేరణ పొందినదే. స్త్రీలకు మనము విధించిన కట్టుబాట్లను పురుషులకు తగిలించి పంతులుగారు మన దురాచారములకే అద్దము పట్టిరి.

స్విఫ్టు దోషరహితుడు కాడు. ప్రభుత్వోద్యోగములు తన మతశాఖవారికే చెందవలెనను నిర్బంధమును సమర్థించెను. దేశమున అధికసంఖ్యాకులైన కాథలిక్కులు దానివలన బయటనే యుండిరి. అయినను 1729లో, పేదల బిడ్డలను ధనికుల విందునకు అమ్ముడని గంభీరముగా సలహా చెప్పు వ్యంగ్యరచనతో కరవునాటి నిర్దయను నిలదీసినది ఆయన లేఖినియే.

1745లో మరణించుచు తన ధనమును మతిచెడినవారి వైద్యశాలకు విడిచెను. అది 1757లో తెరువబడెను. పరిహాసము వెనుక కరుణ యున్నచో అది ఎంతటి అధికారమునకైనను ఎదురు నిలువగలదు. కరుణ లేనిచో వట్టి వెక్కిరింతయే.