దీవిలో ప్రమాదం – దూరాన పరిహారం

న్యూఢిల్లీ: చట్టం చేయడం పార్లమెంటుకు పెద్ద పని కాదు. అది బాధితుని గుమ్మం తొక్కినప్పుడే దాని పస తేలుతుంది. రోడ్డు ప్రమాద పరిహారం విషయంలో ఈ సంగతి అండమాన్ దీవులలో స్పష్టంగా కనబడుతుంది.

2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల జనసంఖ్య సుమారు 3.80 లక్షలు. వారిలో నూటికి పదముగ్గురి మాతృభాష తెలుగు. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్టుబ్లెయిరులో ఒక తెలుగు చిరువ్యాపారి నిలిపి ఉంచిన జీపును మరొకరి కారు గుద్దిందనుకుందాం. తప్పు కారుదే. దానికి బీమా ఉన్నది. ఇక డబ్బు చేతికి వచ్చినట్లేనా?

కానేకాదు. 1988 మోటారు వాహనాల చట్టం ఇతరులకు జరిగే నష్టానికి బీమాను తప్పనిసరి చేసింది. అయితే కంపెనీ ఒప్పుకోకపోతే తప్పెవరిదో, నష్టమెంతో తేల్చవలసినది క్లెయిముల ట్రిబ్యునలు. వాయిదాల బాధ పడలేక తన సొంత పాలసీపై మరమ్మతు చేయించుకుంటే, విడిభాగాల తరుగుదల కింద కొంత కోత పడుతుంది. నో క్లెయిం బోనసు పోతుంది. తన పాలసీ కేవలం ఇతరుల నష్టానికే పరిమితమైతే ఆ దారి కూడ మూతబడినట్లే.

మరొక మెలిక ఉన్నది. ప్రైవేటు కారు పాలసీలో ఇతరుల ఆస్తినష్టానికి సాధారణ పరిమితి 7.5 లక్షల రూపాయలు. కొద్దిపాటి ప్రీమియం మిగుల్చుకోవడానికి యజమాని దానిని 6 వేలకు కుదించుకోవచ్చును. పొదుపు ఆయనది, నష్టం మనది! మిగిలిన మొత్తానికి ఆ యజమాని వెంట పడవలసినదే.

గాయాలైతే 2019 సవరణ కొంత ఆసరా ఇచ్చింది. తప్పు రుజువు చేయనక్కరలేకుండా మరణానికి 5 లక్షలు, తీవ్రగాయానికి 2.5 లక్షలు లభిస్తాయి. 2022 ఏప్రిల్ నుండి పోలీసులు 48 గంటలలో ట్రిబ్యునలుకు, బీమా కంపెనీకి ప్రాథమిక నివేదిక పంపవలసి ఉన్నది. కాని ఒక చేత ఇచ్చి మరొక చేత పుచ్చుకున్నట్లు, 1994లో ఎత్తివేసిన దరఖాస్తు గడువును ఆ సవరణే ఆరు నెలలుగా మళ్లీ తెచ్చింది. ఆ గడువుపై వివాదం సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది.

దీవులకు శాసనసభ లేదు. లోక్‌సభలో ఉన్నది ఒకే ఒక గొంతు. అప్పీలుకు కలకత్తా హైకోర్టు సర్క్యూట్ బెంచియే దిక్కు. కనుక బాధితుడు మొదటి రోజే పోలీసు ఫిర్యాదు, ఫొటోలు, మరమ్మతు అంచనా చేత పట్టుకోవాలి. ఎదుటి బండి బీమా వివరాలు అడిగితే ఇవ్వడం పోలీసుల, రిజిస్ట్రేషను అధికారుల విధి.

ఇటువంటి కేసులలో సాంకేతికపు చిక్కులకు లొంగవద్దని జస్టిస్ కృష్ణయ్యర్ 1980లోనే ట్రిబ్యునళ్లను హెచ్చరించారు. ఆ హెచ్చరిక ఇంకను సముద్రం దాటవలసి ఉన్నది.