శంషాబాదు చరిత్ర ఏ బీరువాలో నున్నది?

హైదరాబాదు నగరమునుండి దక్షిణముగా కర్నూలు బాట పట్టి పోవువారికి శంషాబాదు అనగానే నేడు విమానాశ్రయమే స్ఫురించును. 2008 మార్చి 23వ తేదీన బేగంపేటనుండి విమానముల రాకపోకలు ఇచ్చటికి మారినవి. సుమారు 5,500 ఎకరముల నేల చదునై, రన్‌వేలుగను, రహదారులుగను, గాజుగోడల భవనములుగను రూపాంతరము చెందినది. అంతకు పూర్వమిది మామిడిపల్లి, గొల్లపల్లి మొదలగు పల్లెల పరిసరమున రాతిగుట్టలును, చెలకలును, కుంటలును గల మెట్టప్రాంతము. పొలము గట్టు చెరిగిపోయిన పిమ్మట దాని పూర్వవృత్తాంతమును తెలిసికొనగోరువాడు కాగితమును, తాళపత్రమును, శిలను ఆశ్రయింపవలసినదే. అట్టి కాగితములును శిలలును తార్నాకలో కొన్ని, అఫ్జల్‌గంజిలో కొన్ని, సుల్తాను బజారులో కొన్ని, పబ్లిక్ గార్డెన్సులో కొన్ని యున్నవి. ఊరి చరిత్ర ఊరిలో దొరకకుండుట మన దేశమున కొత్త సంగతి కాదు గాని, ఇంత స్వల్పదూరమున, ఇన్ని వేర్వేరు తలుపుల వెనుక, ఇన్ని లిపులలో చెదరియుండుట హైదరాబాదు చుట్టుపట్ల గ్రామములకే చెల్లినది.

ఈ చెదరుటకు మూలము పరిపాలనలోనే కలదు. పాయిగా అమీరులైన షంసుల్ ఉమరాల పేరిట ఈ ఊరు వెలసినదని చెప్పుదురు. పాయిగాలనగా నిజాము ప్రభువునకు అశ్వసైన్యమును సిద్ధముగా నుంచుటకై జాగీర్లు పొందిన వంశము, ఆసఫ్‌జాహీలతో వియ్యమందినవారు, తమ జాగీర్లలో శిస్తు వసూలునుండి న్యాయవిచారణవరకు తామే నడుపుకొనినవారు. నగరమును చుట్టుకొనియున్న అత్రాఫ్ బల్దా జిల్లాలోనేమో నిజాము సొంత ఖర్చులకు విడిచిన సర్ఫెఖాసు భూములు విస్తారముగా నుండెను. 1949లో జాగీర్లు రద్దయినవి. అత్రాఫ్ బల్దా, బాగాతు జిల్లాలు ఏకమై హైదరాబాదు జిల్లా ఏర్పడినది. 1978 ఆగస్టు 15న అందుండి రంగారెడ్డి జిల్లా విడివడినది. కావున ఒకే కుటుంబమున తాతనాటి కాగితము ఒక జిల్లా పేరు క్రిందను, తండ్రినాటిది మరియొక పేరు క్రిందను, మనుమనినాటిది ఇంకొక పేరు క్రిందను ఉండుటలో వింత లేదు. సూచికలో శంషాబాదు అను మాట కొరకే వెదకువాడు రిక్తహస్తములతో మరలివచ్చును. ఆ ఊరు ఏ కాలమున ఎవరి ఏలుబడిలో నుండెనో ముందుగా తెలిసికొనినవాడు మాత్రమే ఏ కట్ట విప్పవలెనో అడుగగలడు.

షంసుల్ ఉమరాల ప్రసక్తి వచ్చినది కనుక ఒక మాట చెప్పక తప్పదు. వారిలో రెండవవాడైన ఫక్రుద్దీన్ ఖాను విజ్ఞానశాస్త్రములయందు మిక్కిలి మక్కువ గలవాడై, 1834లో మదరసా ఫక్రియాను స్థాపించి, శిలాముద్రణ యంత్రమును తెప్పించి, పాశ్చాత్యుల భౌతిక, గణిత శాస్త్రగ్రంథములను ఉర్దూలోనికి అనువదింపజేసి అచ్చు వేయించెను. గుఱ్ఱపు దళమునకై జాగీరు పొందిన ప్రభువు ఆ కాలముననే గ్రంథప్రచురణకు పూనుకొనుట, విమానముల చప్పుడు నడుమ ఆ ఊరి పేరు వినువారికి తోచని సంగతి.

స్థానిక చరిత్ర అనగానే మనవారికి రాజులు, శాసనములు, దేవాలయములు స్మరణకు వచ్చును. నా అభిప్రాయమున పల్లెకు సంబంధించినంతవరకు వాటికంటె విలువైనది పట్వారీ దస్త్రము. భూమిని కొలిచి తొలిసారి సర్వే నంబరు, విస్తీర్ణము, శిస్తు, పట్టాదారు పేరు నిర్ణయించి వ్రాసిన సేత్వారు; ఏటేట ఎవరు దున్నిరో, ఏ పంట వేసిరో, నీరు బావినుండి వచ్చెనో చెరువునుండి వచ్చెనో తెలుపు పహాణీ; ఎవరెంత చెల్లించిరో, ఎంత నిలిచెనో చూపు వసూల్ బాకీ; వీటన్నిటిలోను తెలంగాణ రైతులు నేటికిని తగవులలో ప్రమాణముగా జూపు 1954–55 నాటి ఖాస్రా పహాణీ: ఇవి రెవిన్యూవారు తమ అవసరమునకై వ్రాసినవే కాని, వీటిని వరుసగా పెట్టి చదివినవానికి ఒక పల్లెలో జొన్న ఎప్పుడు తగ్గెనో, ద్రాక్షతోట ఎప్పుడు వచ్చెనో, ఏ కుంట క్రింద ఎన్ని కుంటల నేల తరి సాగయ్యెనో, ఏ కౌలుదారుని పేరు ఏ సంవత్సరమున అంతర్ధానమయ్యెనో కన్నులకు గట్టును. పాత కాగితములందలి సంవత్సరము ఫసలీ; దానికి 590 కలిపినచో క్రీస్తుశకము వచ్చును. అక్షరములు ఉర్దూవి, కొలతలు ఎకరములు, కుంటలు. రాజుల చరిత్రలో చోటు దొరకని రైతు పేరు, వాని తండ్రి పేరుతో సహా ఇచ్చటనే దొరకును.

ఈ దస్త్రములలో మునుపటి తరమువి పట్వారీల ఇండ్లలోనే గుడ్డమూటలలో ఉండెడివి. 1984లో పటేలు పట్వారీ వ్యవస్థ రద్దయినప్పుడు అవి తహశీలు కచ్చేరీలకు అప్పగింపబడవలసి యుండెను. అప్పగింపబడినవి కొన్ని, అటకలపై నిలిచిపోయినవి కొన్ని. ఇప్పుడా ఇండ్లు కూలి అపార్టుమెంట్లు లేచుచున్నవి. అటకతోపాటు మూటయు పోవును.

ప్రభుత్వమునకు చేరిన ప్రాచీన పత్రముల నిలయము తార్నాకలోని రాష్ట్ర ప్రాచీనపత్ర భాండాగారము. నిజాము ప్రభుత్వపు దఫ్తరె దివానీ, దఫ్తరె మాల్ మొదలగు శాఖల కాగితములు కాలక్రమమున చేరి ఏర్పడిన ఈ సంచయమున అతిప్రాచీనమైనది 1406 నాటి ఫిరోజ్‌షా బహమనీ ఫర్మానా. షాజహాను, ఔరంగజేబుల దక్కను సుబాకు చెందిన మొగలాయి పత్రములే లక్షకు మించియున్నవి. సైన్యమున చేరిన వాని గుఱ్ఱమునకు ఏ చోట మచ్చ కలదో, ఏ రంగుదో కూడ వాటిలోని హాజరు పట్టీలలో వ్రాయబడియుండును. 1880వ దశకమువరకు రాజభాష పారసీకము; అటుపిమ్మట ఉర్దూ. కచ్చేరీ లేఖకులు వ్రాసిన షికస్తా లిపి, చుక్కలు విడిచి, అక్షరములను ఒకదానిలో నొకటి కలిపివేసిన గొలుసుకట్టు వ్రాత. దానిని తడుముకొనకుండ చదువగలవారు ఏటికేడు తగ్గిపోవుచున్నారు. కాగితము నిలిచి చదువరి నశించుట, చెదపురుగు చేయు నష్టముకంటె తక్కువది కాదని నేననుకొందును.

పొరుగు సీమలవారికి ఈ చిక్కు ఇంత లేదు. పద్దెనిమిదవ శతాబ్ది చివరను, పందొమ్మిదవ శతాబ్ది మొదటను కర్నలు మెకంజీ, కావలి సోదరుల సాయమున ఊరూరి కరణములనుండి కైఫీయతులను వ్రాయించి కూర్చెను, సి.పి. బ్రౌను వాటికి ప్రతులు వ్రాయించెను. దత్తమండలములందును, సర్కారు జిల్లాలందును అనేక గ్రామములకు ఆ విధముగ తెలుగులోనే ఒక గ్రామచరిత్ర దక్కినది. నిజాము రాజ్యమున మెకంజీ కొంతకాలము పని చేసినను, ఇచ్చటి పల్లెల కైఫీయతులు అంత విరివిగా లేవు.

ఆ లోటును పూడ్చ పూనినవారు ప్రభుత్వోద్యోగులు కారు, గ్రంథాలయోద్యమకారులు. 1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషానిలయము వెలసినది. కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, నాయని వెంకటరంగారావు ప్రభృతులు దానికి ఆద్యులు. తెలుగు బడులు అరుదుగా నుండిన రాజ్యమున తెలుగు పుస్తకములు, పత్రికలు ఒకచోట చేర్చుటయే ఆనాడు సాహసము. సుల్తాను బజారులోని ఆ నిలయము నేటికిని పాత పత్రికల సంపుటములకొరకు పరిశోధకులు పోవు చోటు. లక్ష్మణరావు మరణానంతరము ఆయన పేరిట ఆదిరాజు వీరభద్రరావు మున్నగువారు నడిపిన లక్ష్మణరాయ పరిశోధకమండలి ఊళ్లవెంట శాసనములను సేకరించి 1935లో ‘తెలంగాణా శాసనములు’ మొదటి సంపుటమును వెలువరించినది. తడిపిన కాగితమును రాతిమీద పరచి, కుంచెతో తట్టి అక్షరముల లోతులలోనికి దిగబడజేసి, పైన సిరా అద్ది నకలు తీయుట వినుటకు సులభమే. మండుటెండలో చెరువుగట్టున నిలిచి, ఊరిపెద్దల అనుమానములకు సమాధానము చెప్పుకొనుచు చేయుట సులభము కాదు. ఆ కాలముననే సురవరము ప్రతాపరెడ్డి గోలకొండ పత్రిక మూలమున పిలుపునిచ్చి, నిజాము రాజ్యమునందలి కవుల రచనలను తెప్పించి, 1934లో 354 మంది కవులతో సంచికను ప్రకటించెను. ఊరివారిని అడిగినచో ఊరి సంపద బయటికి వచ్చునని నిరూపించినవాడాయన.

ఇంతకు పూర్వమే 1891లో ఆసఫియా గ్రంథాలయము ప్రభుత్వపక్షమున ఏర్పడియుండెను. 1936నుండి మూసీ యొడ్డున అఫ్జల్‌గంజిలోని విశాల భవనమున వెలయుచు, ఇప్పుడు రాష్ట్ర కేంద్ర గ్రంథాలయముగా పేరొందిన ఈ నిలయమున అరబ్బీ, పారసీక, ఉర్దూ, తెలుగు, మరాఠీ, కన్నడ గ్రంథములు ఒకే కప్పు క్రింద కలవు. పాత జనాభా లెక్కల నివేదికలు, గెజిటీర్లు చూడగోరువారు ముందుగా ఇచ్చటికి పోవుట మంచిది.

ఇక శిలల సంగతి. నిజాము ప్రభుత్వము 1914లో పురాతత్త్వశాఖను ఏర్పరచి గులాం యజ్దానీని దానికి అధిపతిని చేసెను. 1930లో పబ్లిక్ గార్డెన్సునందు హైదరాబాదు మ్యూజియము వెలసినది. అచ్చటికి పోవు పిల్లలు ఈజిప్టు మమ్మీని చూచి తృప్తిపడి తిరిగివచ్చుచుందురు. పటాన్‌చెరువునుండి తెచ్చిన జైన విగ్రహములయెదుట నిలుచువారు స్వల్పము. జైనము ఈ సీమలో ఎంత దట్టముగా వ్యాపించియుండెనో తెలుపుటకు శంషాబాదునకు వాయవ్యమున, మొయినాబాదు మండలములోని ఎనికెపల్లిలో 2023లో బయటపడిన రెండు స్తంభములు చాలును. ఒకటి గ్రానైటుది, మరియొకటి నల్లరాతిది; నాలుగు ముఖములందు తీర్థంకరుల మూర్తులు; పైని తెలుగు కన్నడ లిపిలో శాసనములు; సుమారు వేయి సంవత్సరముల నాటివి. ఇంతకాలము అవి చెరువు తూము గోడలో రాళ్లుగా ఒదిగియుండెను! అక్షరములలో కొంతభాగము గోడలోనే కప్పబడిపోయినందున పూర్తిగ చదువ వీలు కాలేదు. తూము కట్టినవాడు ద్రోహి కాడు. వానికి కావలసినది చతురస్రమైన రాయి. కాని ఆ దారిన పోవు ఉపాధ్యాయుడో, గ్రంథపాలకుడో నలుబది ఏండ్ల క్రిందటనే దానిని చూచి ఒక చీటీపై వ్రాసి పెట్టియుండినచో!

శంషాబాదు చెంతనే నర్కుడలోని అమ్మపల్లి సీతారామచంద్రస్వామి ఆలయ గోపురము సినిమావారికి చిరపరిచితము; తెరమీద దానిని చూడని తెలుగువాడు అరుదు. దాని నిర్వాహకుల వంశావళులు, ఉత్సవముల లెక్కపుస్తకములు, పాత ఛాయాచిత్రములు ఒకచోట చేర్చియుంచినచో పరిశోధకునకు గోపురముకంటె ఎక్కువ చెప్పగలవు.

విమానాశ్రయము వచ్చినచోట పూర్వచరిత్ర నశింపవలసినదేనను నియమమేమియు లేదు. గ్రీసు దేశమున ఆథెన్సు నగరమునకు నూతన విమానాశ్రయమును స్పాతా ప్రాంతమున నిర్మించునప్పుడు త్రవ్వకములలో దొరకిన ప్రాచీన వస్తువులనుండి 172 ఎంచి, విమానాశ్రయ భవనముననే 2003లో ఒక ప్రదర్శనశాలను తెరచిరి. నిర్మాణమునకు అడ్డువచ్చిన ఒక చిన్న చర్చిని కూల్చక యథాతథముగా ఎత్తి పక్కకు జరిపిరి. అంతదూరము పోనక్కరలేదు. మన శ్రీశైలము ప్రాజెక్టు క్రింద మునుగనున్న కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాయి రాయి విప్పి అలంపురమున మరల నిలిపిరి. ఈశ్వరమునందలి ఆలయమును మహబూబునగరమున పిల్లలమఱ్ఱి కడకు చేర్చిరి, అచ్చటనే జిల్లా పురావస్తు ప్రదర్శనశాలయు కలదు. శంషాబాదు మీదుగా పోవు కర్నూలు బాటనే పట్టి పోయినచో ఈ రెండును చూడవచ్చును. నీటికి చేసిన ఏర్పాటు విమానములకు ఏల చేయరాదని అడుగుటకు మనకు అధికారము కలదు.

చేర్చుట ఒక యెత్తు, కాపాడుట మరియొక యెత్తు. 2000 ఆగస్టులో హైదరాబాదును ముంచిన వానలలో బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞానకేంద్రమున భద్రపరచిన ఉర్దూ గ్రంథసంచయము నీట మునిగినది. అబ్దుస్సమదు ఖాను జీవితకాలమంతయు కూర్చిన పుస్తకములవి. తడిసిన కాగితమును ఎండకు పెట్టరాదు, తొందరపడి విడదీయరాదు. గాలి ఆడుచోట కొద్దికొద్దిగా ఆరనీయవలెను, బూజు పట్టక ముందే పని ముగియవలెను. తాళపత్రములకు నిమ్మగడ్డి నూనె, కాగితమునకు ఆమ్లము లేని అట్టపెట్టె, రెంటికిని చీకటియు పొడిగాలియు: ఇవి లేనిచోట ఎంతటి నిధియైనను వానాకాలములు గడిచినకొలది క్షీణించును. పుస్తకములను నేలమీదను, క్రింది అంతస్తులోను పెట్టరాదని నేర్చుకొనుటకు మనకు వరదయే రావలసి వచ్చినది.

ఈ పనికి పైకమెచ్చటిదందురా? మన పట్టణములలో ఇంటిపన్ను కట్టు ప్రతివాడును రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్నును కూడ చెల్లించుచున్నాడు. ఆ పైకము జిల్లా గ్రంథాలయ సంస్థలకు చేరవలసినది. విమానాశ్రయము వచ్చిన పిదప శంషాబాదు పరిసరమున లేచిన ఇండ్లను, హోటళ్లను, గిడ్డంగులను చూచినచో అది స్వల్పమొత్తము కాజాలదు. అందులోనుండి స్థానిక శాఖా గ్రంథాలయమున ఒక ఇనుప బీరువా, ఒక స్కానరు, ఉర్దూ చదువ నేర్చిన ఒక ఉద్యోగి చాలును. అసలు కాగితములు ఇంటివారియొద్దనే యుండనిండు. నకలు తీసికొని, ఎవరి ఇంటినుండి ఏ తేదీన వచ్చెనో వ్రాసి, తిరిగి ఇచ్చినచో ఎవరికిని అభ్యంతర ముండదు. పట్టా తగవులున్నవారు మొదట జంకుదురు. కావున భూమి కాగితములతో గాక, పెండ్లిపత్రికలు, బడి హాజరు పట్టీలు, ఊరి చెంతనున్న ఉమ్దానగరు స్టేషనులో మీటరుగేజి బండి ఆగిననాటి ఛాయాచిత్రములు, మునుపటి పల్లెల వీధుల పటములు, వృద్ధుల నోట విన్న గుట్టల పేర్లు, కుంటల పేర్లతో మొదలుపెట్టుట యుక్తము. నమ్మకము కుదిరినపిమ్మట పహాణీలు తామే తెచ్చి ఇత్తురు.