అన్నీ ఉన్న పదకొండేళ్ల పిల్లకు ఏమివ్వాలి?

పదేళ్లు నిండి, పదమూడు ఇంకా రాని పిల్లలకు పుట్టినరోజు బహుమతి ఎంచడం కష్టమని చాలామంది తల్లిదండ్రులు చెబుతారు. ఎందుకని అడిగితే, "దానికి లేనిదేముంది?" అంటారు. ఆ మాట నిజమే గాని, అది సగం కారణం. మిగతా సగం ఆ వయసులోనే ఉంది. ఈ రెండింటినీ విడివిడిగా చూస్తే, ఏమివ్వాలన్న ప్రశ్నకు జవాబు వెతకడం కొంత సులువవుతుంది.

ముందు, అన్నీ ఉండడం సంగతి. ఫిలిప్ బ్రిక్‌మన్, డొనాల్డ్ క్యాంప్‌బెల్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు 1971లో ఒక వాదన ముందుకు తెచ్చారు. మనిషి పరిస్థితి మెరుగుపడితే కొంతకాలం సంతోషిస్తాడు, ఆపైన ఆ కొత్త స్థాయికి అలవాటు పడి దాన్నే మామూలుగా తీసుకుంటాడు. మళ్లీ అంత సంతోషం కలగాలంటే అంతకు మించినదేదో కావాలి. పండగకు, మార్కులకు, ఊరెళ్లి వచ్చిన బాబాయి చేతి సంచికి, ఏ కారణమూ లేని శనివారాలకు కూడా ఏదో ఒకటి అందుకుంటూ పెరిగిన పిల్లకు మరో వస్తువు రావడం మామూలు సంగతి. పొట్లం విప్పి "థాంక్యూ అత్తా" అని పక్కన పెట్టేసిందంటే ఆమెకు కృతజ్ఞత లేదని కాదు. అందరి మనసూ ఎలా పనిచేస్తుందో ఆమె మనసూ అలాగే పనిచేస్తోంది.

అయితే ఖరీదు పెంచితే సరిపోతుందా? ఫ్రాన్సిస్ ఫ్లిన్, గాబ్రియెల్ ఆడమ్స్ 2009లో ప్రచురించిన పరిశోధన దీనికి సమాధానం చెబుతుంది. ఖరీదు ఎక్కువైతే మెప్పు కూడా ఎక్కువ ఉంటుందని ఇచ్చేవాళ్లు అనుకున్నారు. పుచ్చుకున్నవాళ్ల మెప్పుకు మాత్రం ఖరీదుతో చెప్పుకోదగ్గ సంబంధం కనిపించలేదు. ఆ పరిశోధన పెద్దలమీద జరిగింది. వస్తువుల ధరలు ఇంకా సరిగా అంచనా వేయలేని పిల్లల విషయంలో ఖరీదుకు అంతకన్నా ఎక్కువ ప్రభావం ఉంటుందని నమ్మడానికి ఆధారం లేదు.

ఇక్కడ చాలామంది ఇచ్చే సలహా ఒకటుంది: వస్తువులు మానేసి అనుభవాలు ఇవ్వండి, అంటే ఒక ప్రయాణమో, ప్రదర్శనో, పిల్లలతో గడిపిన ఒక రోజో. దీని వెనుక లీఫ్ వాన్ బోవెన్, థామస్ గిలోవిచ్ 2003లో చేసిన అధ్యయనం ఉంది. వస్తువుల మీద పెట్టిన డబ్బు కన్నా అనుభవాల మీద పెట్టిన డబ్బే ఎక్కువ సంతోషాన్నిచ్చిందని అందులో పాల్గొన్నవాళ్లు చెప్పారు. కానీ వాళ్లూ పెద్దలే. లాన్ చాప్లిన్, ఆమె సహచరులు 2020లో ఇదే ప్రశ్నను మూడేళ్ల నుంచి పదిహేడేళ్ల వరకు ఉన్న పిల్లల విషయంలో పరిశీలించారు. చిన్న పిల్లలకు వస్తువులే ఎక్కువ సంతోషాన్నిచ్చాయి. వయసు పెరిగే కొద్దీ తూకం అనుభవాల వైపు మొగ్గింది. ఒక అనుభవాన్ని ఆనందించాలంటే దాన్ని గుర్తుంచుకుని తిరిగి తలుచుకోగలగాలి, అందులో పాలుపంచుకున్న ఇతరుల మనసూ అర్థం కావాలి. ఈ రెండు శక్తులూ ఎదగడానికి సమయం పడుతుంది.

పదకొండేళ్ల పిల్ల సరిగ్గా ఈ మలుపు దగ్గర ఉంది. చేతికి చిక్కే వస్తువు మీద ఆమె ఇష్టం ఇంకా పోలేదు, జ్ఞాపకం విలువ అప్పుడప్పుడే తెలుస్తోంది. అందుకే "వస్తువులు వద్దు, అనుభవాలే" అనే సలహా ఈ వయసుకు పూర్తిగా సరిపోదు. అట్టపెట్టె కోసం ఎదురుచూసిన పిల్ల చేతిలో రిసార్టు బుకింగ్ కాగితం పెట్టి, ఆమె ముఖం చిన్నబోయిందని నొచ్చుకోవడం న్యాయం కాదు.

ఈ వయసుకు ఇంకో లక్షణం కూడా ఉంది, నా దృష్టిలో అదే ముఖ్యం. లాన్ చాప్లిన్, డెబొరా రోడర్ జాన్ 2007లో ఒక అధ్యయనం ప్రచురించారు. "నాకు సంతోషాన్నిచ్చేవి ఏవి?" అన్న ప్రశ్నకు జవాబుగా పిల్లల చేత బొమ్మలూ మాటలూ అతికించిన పటాలు చేయించారు. స్నేహితులు, ఆటలు, అభిరుచులు, సాధించినవి, వస్తువులు, వీటిలో ఏవైనా ఎంచుకోవచ్చు. ఎనిమిది తొమ్మిదేళ్ల పిల్లల పటాల కన్నా పన్నెండు పదమూడేళ్ల వాళ్ల పటాల్లో వస్తువులు ఎక్కువగా కనిపించాయి. పదహారు దాటినవాళ్లలో మళ్లీ తగ్గాయి. అదే వయసు క్రమంలో వాళ్ల ఆత్మగౌరవం, అంటే తమ విలువపై తమకున్న నమ్మకం, మొదట తగ్గి తర్వాత పెరిగింది.

పరిశోధకులు అక్కడితో ఆగలేదు. మరో విడతలో పిల్లలకు కాగితపు పళ్లేల మీద వాళ్లను గురించిన మంచి మాటలు రాసి ఇచ్చి, ఆ తర్వాత పటం చేయమన్నారు. పన్నెండు పదమూడేళ్ల పిల్లల పటాల్లో వస్తువులు బాగా తగ్గిపోయాయి. దీన్నిబట్టి మనకు తెలిసేది ఇది. ఆ వయసు పిల్ల ఫలానా బ్రాండు బూట్లే కావాలని పట్టుబడుతున్నప్పుడు, చాలాసార్లు ఆమె అడుగుతున్నది బూట్లను మాత్రమే కాదు. తరగతిలో తన స్థానం గురించి ఆమెకు బెంగగా ఉంది, ఆ బెంగకు దొరికిన జవాబు బూట్లు.

పిల్లల ఎదుగుదలను దశలుగా విడదీసి చెప్పిన ఎరిక్ ఎరిక్సన్, బడికి వెళ్లే వయసు నుంచి యౌవనారంభం దాకా పిల్లల ప్రధాన సమస్య చేతనవడమా, చేతకాకపోవడమా అన్నదేనని 1950లో వెలువడిన తన పుస్తకంలో వివరించాడు. ఈ దశలో పిల్లలు నిజమైన పనులు నేర్చుకుని, "ఇది నాకు వచ్చు" అనుకోవాలని చూస్తారు. ఆ అవకాశం రాకపోతే తాము తక్కువవాళ్లమన్న భావం వాళ్లలో స్థిరపడుతుంది. మన మధ్యతరగతి ఇళ్లలో ఈ పిల్లలకు కరువైనది ఇదే. వస్తువులకు లోటు లేదు. చేతనైన పని, పెద్దలు తమమీద ఉంచిన నమ్మకం, ఒక పెద్దమనిషి తొందర లేకుండా ఇచ్చే సమయం, ఈ మూడూ తక్కువ. కాబట్టి బహుమతిని ఎంచేటప్పుడు వేసుకోవలసిన ప్రశ్న, "దీనితో ఈ పిల్లకు కొత్తగా ఏం చేయడం వస్తుంది, ఎవరు పక్కన ఉంటారు?" అన్నది.

దీనికి మన దేశంలోనే ఒక గట్టి ఉదాహరణ ఉంది. సలీం అలీ 1896లో పుట్టారు, చిన్నప్పుడే తల్లిదండ్రులను పోగొట్టుకుని బొంబాయిలో మేనమామ ఇంట పెరిగారు. పది పన్నెండేళ్ల వయసులో తన ఎయిర్‌గన్‌తో సరదాకి ఒక పిచ్చుకను కొట్టారు. దాని గొంతు మీద పసుపు మచ్చ ఉంది. అది ఏ పిట్టో తెలియక బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి తీసుకెళ్లారు. అక్కడి కార్యదర్శి డబ్ల్యు.ఎస్. మిల్లార్డ్ ఆ కుర్రవాణ్ని పంపేయలేదు. పిట్ట పేరు చెప్పి, సొసైటీ సేకరించి భద్రపరచిన పక్షులన్నిటినీ చూపించి, చదువుకోవడానికి పుస్తకాలిచ్చి, పక్షుల చర్మాలను భద్రపరచడం నేర్పిస్తానన్నాడు. ఆ కుర్రవాడే తర్వాత భారతదేశపు పక్షుల శాస్త్రానికి పెద్ద దిక్కయ్యాడు. 1931లో మొదలైన హైదరాబాద్ సంస్థానపు పక్షుల సర్వే చేసిందీ ఆయనే.

ఎయిర్‌గన్ ఉన్న పిల్లలు ఆ రోజుల్లో బొంబాయిలో చాలామందే ఉండి ఉంటారు. ఆయనకు దొరికిన అసలు బహుమతి మిల్లార్డ్ ఇచ్చిన ఆ గంటలు. ఎవరి ఇంట్లో పుట్టినరోజు వచ్చినా నేను ముందు ఆ పనే గుర్తు చేయాలనుకుంటాను. ఒక పిల్లవాడు తెచ్చిన ప్రశ్నను ఒక పెద్దాయన తన వేళ కేటాయించి, సమవయస్కుడి ప్రశ్నలా తీసుకున్నాడు.

ఈ సూత్రాన్ని నేటి బహుమతికి అన్వయిద్దాం. మిద్దెమీద వాలే పిట్టలను చూస్తూ నిలబడిపోయే పిల్ల అనుకుందాం. ఆమెకు బైనాక్యులర్ ఇవ్వవచ్చు, బొమ్మల దుకాణంలో దొరికే ప్లాస్టిక్‌ది కాకుండా పెద్దలు వాడేది. దాని మీద 8×32 లాంటి అంకెలుంటాయి. మొదటిది ఎన్ని రెట్లు దగ్గరగా చూపుతుందో చెబుతుంది, రెండోది ముందువైపు కటకం వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లో. పది రెట్లు చూపేది మేలనిపిస్తుంది గాని, చేతి వణుకు కూడా పది రెట్లు కనబడుతుంది. పిల్లలకు ఎనిమిది చాలు. 42 మిల్లీమీటర్ల కటకం మసక వెలుతురులో ఇంకాస్త స్పష్టంగా చూపుతుంది, కానీ బరువెక్కువ. అరగంట మెడలో వేసుకుని తిరగాలంటే 32 హాయి.

కొనేముందు పిల్లను దుకాణానికి తీసుకెళ్లాలి. పిల్లల కళ్ల మధ్య దూరం పెద్దల కన్నా తక్కువ కాబట్టి, రెండు గొట్టాలనూ పూర్తిగా దగ్గరికి మడిచినప్పుడు ఆమెకు ఒకే వలయం కనబడాలి. రెండు వలయాలు కనబడితే అది ఆమెకు పనికిరాదు. బైనాక్యులర్‌తో ఎన్నడూ సూర్యుణ్ని చూడకూడదని ఇచ్చే ముందే చెప్పాలి.

పుట్టినరోజున ఈ వస్తువు చేతికొస్తుంది, కాబట్టి పొట్లం విప్పే సరదా దక్కుతుంది. ఆపైన అసలు భాగం మొదలవుతుంది. వచ్చే కొన్ని ఆదివారాలు తెల్లవారుజామున నాన్నో పెద్దమ్మో ఆమెతో చెరువుగట్టుకు వెళ్లాలి. లకుముకి పిట్ట ఎక్కడ కూర్చుని చేపకోసం కాపు కాస్తుందో, నల్ల ఏట్రింత తోక ఎలా చీలి ఉంటుందో ఆమె చూసి నోటు పుస్తకంలో రాసుకుంటుంది. శీతాకాలమైతే పక్షులు చేరే నేలపట్టుకో కొల్లేటికో ఒక ప్రయాణం పెట్టుకోవచ్చు. రాత్రివేళ గురుగ్రహం కనబడే నెలల్లో, మోచేతులు పిట్టగోడ మీద కదలకుండా ఆనించి చూస్తే, దాని పక్కన వరసగా చిన్న చుక్కలు కనబడతాయి. 1610 జనవరిలో గెలీలియో చూసిన ఉపగ్రహాలే అవి. ఇంట్లో ఎవరికీ తెలియని సంగతి ఆమెకు తెలిసే రోజు త్వరలోనే వస్తుంది. తరగతిలో స్థానం గురించి బెంగపడే పిల్లకు అది చాలా పెద్ద ఆసరా.

పక్షులు అందరికీ నచ్చవు. నీటిలో పురుగుల్ని చూసే పిల్లకు, మను ప్రకాశ్ బృందం స్టాన్‌ఫోర్డ్‌లో రూపొందించి 2014లో ప్రకటించిన ఫోల్డ్‌స్కోప్ ఉంది. కాగితాన్ని మడిచి పిల్లలే తయారుచేసుకునే సూక్ష్మదర్శిని అది. చేతిపని ఇష్టపడే పిల్లను అనకాపల్లి జిల్లాలో లక్క బొమ్మలు చేసే ఏటికొప్పాకకు తీసుకెళ్లవచ్చు. అక్కడ తిరుగుతున్న అంకుడు కర్రకు రంగు లక్కను అదిమితే, రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. అది కళ్లారా చూశాక కొనుక్కున్న బొంగరం దుకాణంలో కొన్న బొంగరంతో సమానం కాదు. రాకెట్లంటే ప్రాణమిచ్చేవాడికి శ్రీహరికోట ఉంది. ముందుగా పేరు నమోదు చేసుకున్నవాళ్లు ప్రయోగం చూడడానికి ఇస్రో 2019లో అక్కడ గ్యాలరీ తెరిచింది.

నమ్మకాన్నీ బహుమతిగా ఇవ్వవచ్చు. పదేళ్లు నిండిన పిల్లలు పొదుపు ఖాతాను తామే నడుపుకోవడానికి రిజర్వ్ బ్యాంకు 2014లోనే వీలు కల్పించింది, 2025 ఏప్రిల్‌లో ఆ నిబంధనలను సవరించింది. ఎంత మొత్తం వరకు అన్నది ఒక్కో బ్యాంకు నిర్ణయించుకుంటుంది. బంధువులు చేతిలో పెట్టే నోట్లు అమ్మ పర్సులోకి వెళ్లకుండా ఆమె సంతకంతో ఆమె ఖాతాలోకి వెళ్తాయి. అలాగే ఇంటి తాళంచెవి, వారానికొక పూట వంటింటి పెత్తనం, రెండు వీధుల అవతలి దుకాణానికి సైకిలు మీద ఒంటరిగా వెళ్లే అనుమతి. వీటికి ఖర్చేమీ లేదు, కానీ తల్లిదండ్రులకు ధైర్యం కావాలి.

ఏది ఇష్టమో తెలుసుకోవడానికి పిల్లనే అడగడంలో తప్పులేదు. ఫ్రాన్సెస్కా జీనో, ఫ్లిన్ 2011లో చూపినట్టు, పుచ్చుకునేవాళ్లు తాము కోరినదాన్నే ఎక్కువ మెచ్చుకుంటారు. ఆశ్చర్యపరచాలన్న కోరిక ఎక్కువగా ఇచ్చేవాళ్లదే. అయితే "ఏం కావాలి?" అంటే స్నేహితురాలి దగ్గరున్నదే చెబుతుంది. "నీకు ఏం చేయాలని ఉంది, మేం ఏం చేయనివ్వడం లేదు?" అని అడిగి చూడండి, జవాబు వేరుగా ఉంటుంది.

బహుమతి పేరుతో ట్యూషన్ ఇవ్వకూడదు. అబాకస్ క్లాసులో చేర్పించడం మన ఆశ, ఆమె పుట్టినరోజు కాదు. ఆమె పేరున అన్నదానం చేయించడం మంచిదే, ఎవరికి, ఎందుకని ఆమె కూడా కూర్చుని ఆలోచించినప్పుడే అది ఆమెది అవుతుంది. కుక్కపిల్లనైతే, పదేళ్లకు పైగా ఇంటిల్లిపాదీ సాకుతామనుకుంటేనే తేవాలి.

మూడు నెలలకు ఆమె బైనాక్యులర్‌ను పక్కన పెట్టేయవచ్చు. ఈ వయసులో ఇష్టాలు మారడం సహజం. "అంత పెట్టి కొంటే వాడడం లేదు" అని ఎత్తిపొడిస్తే, తర్వాత ఏ కొత్త ఇష్టాన్నైనా మన ముందు బయటపెట్టడానికి జంకుతుంది. దాన్ని ఉంచుకోవాలో, తమ్ముడికివ్వాలో, బడిలో పక్షులంటే ఇష్టమున్న మరో పిల్లకివ్వాలో ఆమెనే తేల్చుకోనివ్వాలి.