ఆటలమ్మ పోయినా అక్కి ఎందుకొస్తుంది?



“చిన్నప్పుడు మీకు ఆటలమ్మ పోసిందాండీ?” అని డాక్టరుగారు అడిగితే మా అత్తగారు తెల్లబోయారు. ఆవిడకి 68 ఏళ్ళు. నడుం చుట్టూ ఒకవైపే మంట, ఆ వెనక గుత్తులు గుత్తులుగా నీటిపొక్కులు. దీన్నే అక్కి అనీ సర్పి అనీ అంటాం. మేము ముందు వాతం అనుకున్నాం. తరవాత ఎర్రమన్నుతో అక్కి రాయించాం. అలా వారం గడిచిపోయింది. తీరా చూస్తే ఆటలమ్మకీ అక్కికీ కారణం ఒకటే వైరస్!

ఆటలమ్మ తగ్గినా ఆ వైరస్ ఒంట్లోంచి పోదు. వెన్నుపాము పక్కనుండే నరాల మొదళ్ళలో దాక్కుంటుంది. మరి ఇన్నేళ్ళూ దాన్ని అణిచి ఉంచిందెవరు? టి కణాలు. ఇవి తెల్ల రక్తకణాల్లో ఒక రకం. ఎముకల మూలుగలో పుట్టి, రొమ్ము ఎముక వెనకనుండే థైమస్ గ్రంథిలో తయారవుతాయి.

మన రక్తంలో యాంటీబాడీలని కూడా ఉంటాయి కదా, అవి చాలవా అంటారేమో. పెసలు చెరిగితే పైనున్న పురుగు పోతుందిగాని, గింజలోపల దూరినది పోతుందా? ఆ పుచ్చుగింజనే ఏరి పారెయ్యాలి. యాంటీబాడీలు కణం బయటున్న వైరస్‌ని పట్టుకుంటాయి. వైరస్ చేరిన కణాన్ని పోల్చుకుని చంపడం టి కణాల పని. కొన్ని టి కణాలు స్వయంగా చంపుతాయి, కొన్ని తక్కినవాటికి సాయపడతాయి.

లోపలున్నది వాటికెలా తెలుస్తుంది? వైరస్ చేరిన కణం ఆ వైరస్ ముక్కల్ని తన పైపొరమీద, తన సొంత గుర్తుతో కలిపి చూపిస్తుంది. టి కణం ఆ రెంటినీ కలిపి చూసిగాని కదలదు. ఈ సంగతి ఆస్ట్రేలియాలో కనిపెట్టిన పీటర్ డోహర్టీ, రోల్ఫ్ జింకర్‌నాగెల్‌లకు 1996లో నోబెల్ బహుమతి వచ్చింది.

వైరస్‌ని పోల్చుకున్న టి కణాలు కొద్ది రోజుల్లోనే వేలకు వేలుగా పెరుగుతాయి. జబ్బు చేస్తే మెడకింద బిళ్ళలు కట్టడం ఇలాంటి సందడివల్లే. జబ్బు తగ్గాక చాలా కణాలు చచ్చిపోయినా, కొన్ని ఆ వైరస్‌ని గుర్తుపెట్టుకుని ఏళ్ళ తరబడి కాపలా కాస్తాయి. నరాల్లో దాగిన వైరస్‌ని తల ఎత్తకుండా చూసేవి ఇవే. వయసు మళ్ళేకొద్దీ వీటి బలం తగ్గుతుంది. అప్పుడు యాంటీబాడీలు ఉన్నా సరే, వైరస్ నరం వెంట చర్మంమీదికి వస్తుంది.

కనుక మూడు మాటలు గుర్తుంచుకోండి. పొక్కులు కనబడ్డ మూడు రోజుల్లోపల వైరస్ మందు మొదలుపెడితే గుణం బాగా ఉంటుంది. కంటి దగ్గర వస్తే ఆ పూటే వెళ్ళాలి, చూపు పోయే ప్రమాదముంది. పొక్కులు ఎండేదాకా, ఆటలమ్మ రాని పసిపిల్లల్నీ గర్భిణుల్నీ దగ్గరికి రానివ్వకండి.

50 ఏళ్ళు దాటినవారికి అక్కి రాకుండా టీకా ఉంది. మన దేశంలో 2023 నుంచి దొరుకుతోంది. రెండు మోతాదులు వెయ్యాలి. ఈ వైరస్‌ని ఎదిరించే టి కణాలకి అది మళ్ళీ బలమిస్తుంది. ఖరీదు ఎక్కువే, అయినా డాక్టరుగారిని అడిగి చూడండి.

మా అత్తగారి పొక్కులు మూడు వారాల్లో మానాయి. మంట మాత్రం ఎనిమిది నెలలు వదల్లేదు, రవికె తగిలినా ఓర్చుకోలేకపోయేవారు. ఆ మొదటి వారం మేము ఊరికే పోగొట్టుకున్నాం. మీరు పోగొట్టుకోకండి.