బాహుబలి రెండు భాగాలలో యుద్ధకళ - పోలిక

బాహుబలి: ద బిగినింగ్ (2015), బాహుబలి 2: ద కన్‌క్లూజన్ (2017) అనేవి ఎస్.ఎస్.రాజమౌళి దర్శకత్వంలో వెలువడిన తెలుగు జానపద చలనచిత్రాలు. ఖడ్గయుద్ధం, విలువిద్య, గదాయుద్ధం, మల్లయుద్ధం, వ్యూహరచన మొదలైన యుద్ధవిద్యలు ఈ రెండు చిత్రాలలోనూ కథకు ఆధారంగా నిలిచాయి. తొలి భాగంలో యుద్ధమే కథను నిర్ణయిస్తుంది. రాజ్యానికి ఎవరు అర్హులన్న ప్రశ్నకు సమాధానం రణరంగంలోనే దొరుకుతుంది. రెండవ భాగంలో అసలు సంఘర్షణ రాజసభలోకి, అంతఃపురంలోకి మారుతుంది. రెండు భాగాల పోరాట సన్నివేశాలలో కనిపించే తేడాలకు ముఖ్యకారణం ఈ మార్పే.

నేపథ్యం

ఈ చిత్రాలకు కథను రాజమౌళి తండ్రి వి.విజయేంద్ర ప్రసాద్ సమకూర్చాడు. ఆర్కా మీడియా వర్క్స్ పతాకంపై శోభు యార్లగడ్డ, ప్రసాద్ దేవినేని నిర్మించారు. ప్రభాస్ తండ్రీకొడుకులైన అమరేంద్ర బాహుబలి, మహేంద్ర బాహుబలి (శివుడు) పాత్రలను, రానా దగ్గుబాటి భల్లాలదేవుని పాత్రను, రమ్యకృష్ణ శివగామి పాత్రను, అనుష్క దేవసేన పాత్రను, సత్యరాజ్ కట్టప్ప పాత్రను, నాజర్ బిజ్జలదేవుని పాత్రను, తమన్నా అవంతిక పాత్రను పోషించారు. చిత్రీకరణ 2013 జూలై 6న రాయలసీమలో, కర్నూలు సమీపంలోని ఓర్వకల్లు రాతివనాల వద్ద మొదలైంది. మాహిష్మతి నగరపు సెట్లను, యుద్ధ సన్నివేశాలను ప్రధానంగా హైదరాబాదులోని రామోజీ ఫిల్మ్ సిటీలో చిత్రీకరించారు.

తొలి భాగం 2015 జూలై 10న, రెండవ భాగం 2017 ఏప్రిల్ 28న విడుదలయ్యాయి. ఇవి వేర్వేరు కథలు కావు, ఒకే కథను రెండుగా విభజించి చెప్పినవి. పైగా రెండవ భాగంలో అధికభాగం గతంలో జరిగిన వృత్తాంతమే. కనుక ఇది మామూలు అర్థంలో కొనసాగింపు చిత్రం కాదు. మొదటి భాగంలో ప్రేక్షకుడు చూసిన ఫలితానికి కారణాన్ని ఇది వెనుకకు వెళ్ళి వివరిస్తుంది.

శిక్షణ, పోరాట దర్శకత్వం

ప్రభాస్, రానా ఈ చిత్రాల కోసం శరీర దారుఢ్యాన్ని పెంచుకోవడమే కాక కత్తియుద్ధంలోను, గుర్రపుస్వారీలోను శిక్షణ పొందారు. వియత్నాం నుండి వచ్చిన శిక్షకుడు వారికి యుద్ధవిద్యలు నేర్పాడు. అనుష్క కూడా కత్తిసాము, గుర్రపుస్వారీ అభ్యసించింది. కళాదర్శకుడు సాబు సిరిల్ ఆధ్వర్యంలో ఆయుధాలు, కవచాలు, రథాలు వేల సంఖ్యలో తయారయ్యాయి.

తొలి భాగానికి పీటర్ హెయిన్ పోరాట దర్శకత్వం వహించాడు. రెండవ భాగానికి కింగ్ సాలమన్, లీ విటేకర్, థాయ్‌లాండ్‌కు చెందిన కేచా మొదలైనవారు పనిచేశారు. కె.కె.సెంథిల్ కుమార్ ఛాయాగ్రహణం, ఎం.ఎం.కీరవాణి సంగీతం రెండు భాగాలకూ ఉన్నాయి. దృశ్య ప్రభావాల పర్యవేక్షణ తొలి భాగంలో వి.శ్రీనివాస మోహన్‌ది కాగా రెండవ భాగంలో ఆర్.సి.కమలకణ్ణన్‌ది.

తొలి భాగంలో యుద్ధం

తొలి భాగంలోని ప్రధాన పోరాటం కాలకేయులతో జరిగే యుద్ధం. అది చిత్రం చివరి భాగంలో వస్తుంది. సంఖ్యలో కాలకేయుల సేన మాహిష్మతి సేనకు అనేక రెట్లు ఎక్కువ. కాలకేయ రాజును వధించినవాడే మాహిష్మతికి రాజు అవుతాడని శివగామి ప్రకటిస్తుంది. దీనితో యుద్ధం ఇద్దరు రాకుమారులకు పరీక్షగా మారుతుంది.

ఈ యుద్ధాన్ని ప్రేక్షకుడు సులువుగా అనుసరించగలగడానికి కొన్ని కారణాలున్నాయి. మొదట రాజసభలో త్రిశూల వ్యూహాన్ని వివరంగా చెప్పుకుంటారు. ఏ దళం ఎటు నుండి వెళ్తుందో, ఎవరు ఏ పక్కన ఉంటారో యుద్ధానికి ముందే తెలుస్తుంది. తరువాత బిజ్జలదేవుడు ఆయుధాలను సమానంగా పంచడు. మేలైన సామగ్రి భల్లాలదేవునికి దక్కుతుంది. అతని రథం ముందుభాగంలో తిరిగే కత్తులు అమర్చి ఉంటాయి. బాహుబలి తనకు మిగిలిన వనరులతోనే ఉపాయం ఆలోచించాల్సి వస్తుంది. నూనెలో తడిసిన పెద్ద వస్త్రాలను శత్రుసేనపై పడేట్లు చేసి, వాటిపై అగ్నిబాణాలు వేయించడం అలా పుట్టిన ఎత్తుగడే. కొరత నుండి పుట్టిన యుక్తి కావడంతో అది నమ్మదగినదిగా కనిపిస్తుంది.

వీటన్నిటికంటే ముఖ్యమైనది కాలకేయులు మాహిష్మతి ప్రజలను బందీలుగా తమ సేన ముందు నిలిపే ఘట్టం. భల్లాలదేవుడు వారి మీదుగానే రథాన్ని నడిపిస్తాడు. బాహుబలి తాళ్ళు విసిరి వారిని నేలకు పడవేసి, వారికి దెబ్బ తగలకుండా వెనుక ఉన్న శత్రువును కొడతాడు. చివరికి కాలకేయ రాజును చంపినది భల్లాలదేవుడే. అయినా శివగామి బాహుబలినే రాజుగా ప్రకటిస్తుంది. శత్రువును చంపడం కంటే ప్రజలను కాపాడడం గొప్పదన్న తీర్పు అది. యుద్ధంలోని ప్రతి ఘట్టమూ ఈ తీర్పుకు సాక్ష్యంగా పనిచేస్తుంది.

యుద్ధానికి ముందు వచ్చే చిన్న పోరాటాలు కూడా పాత్రల స్వభావాన్ని చెప్పేవే. భల్లాలదేవుడు మదించిన దున్నతో ఒంటరిగా తలపడి బలంతో దానిని నేలకూలుస్తాడు. బలికి సిద్ధం చేసిన మూగజీవాన్ని వదిలించి బాహుబలి తన చేతినే కోసుకుని రక్తార్పణ చేస్తాడు.

రెండవ భాగంలో యుద్ధం

రెండవ భాగం మదపుటేనుగు ఘట్టంతో ఆరంభమవుతుంది. బాహుబలి దానిని చంపకుండా శాంతింపజేసి, తొండం మీదుగా దాని పైకి ఎక్కుతాడు. తొలి భాగంలో భల్లాలుడు దున్నను కూల్చిన ఘట్టం పక్కన దీనిని పెట్టి చూస్తే ఇద్దరి మధ్య ఉన్న భేదం మళ్ళీ తెలుస్తుంది. అయితే ఇక్కడ బాహుబలి తనను తాను నిరూపించుకోవలసిన అవసరం లేదు. అతడు అప్పటికే రాజుగా ఎంపికైనవాడు. అందువల్ల ఈ భాగంలోని పోరాటాలలో 'గెలుస్తాడా' అన్న ఉత్కంఠ తగ్గి, 'ఎలా గెలుస్తాడు' అన్న వినోదం పెరిగింది.

కుంతల రాజ్యంపై పిండారీల దాడి ఈ భాగంలోని పోరాటాలలో ఎక్కువగా ప్రశంసలు పొందినది. అమాయకునిగా నటిస్తూ వచ్చిన బాహుబలి అక్కడ తన నిజరూపాన్ని చూపుతాడు. రాజభవనపు వసారాలో దేవసేనతో కలిసి పోరాడుతూ, ఒకేసారి మూడు బాణాలు సంధించే పద్ధతిని ఆమెకు నేర్పుతాడు. పోరాటం, విద్యాబోధన, ప్రణయం ఒకే ఘట్టంలో కలిసిపోతాయి. పిరికివాడైన కుమారవర్మ చేత బాహుబలి ఆయుధం పట్టించడం కూడా ఇక్కడే జరుగుతుంది. కొమ్ములకు నిప్పు కట్టిన ఎడ్లను శత్రువుపైకి తోలడం, ఆనకట్ట నీటిని వదలడం తొలి భాగంలోని ఎత్తుగడలను గుర్తుచేస్తాయి.

ఆ తరువాత కథ రణరంగాన్ని వదిలిపెడుతుంది. దేవసేన వివాహ విషయంలో వచ్చిన అపార్థం, సింహాసనం భల్లాలదేవునికి దక్కడం, బాహుబలి దంపతుల బహిష్కారం, కుమారవర్మ మరణం వరుసగా జరుగుతాయి. శివగామి ఆజ్ఞపై కట్టప్ప బాహుబలిని వెన్నుపోటు పొడుస్తాడు. రణరంగంలో ఎదురులేని వీరుడు తనకు విద్య నేర్పినవాని చేతిలో మరణించడం కథకు కేంద్రం. అతనిని ఓడించినది యుద్ధకళ కాదు, కుట్ర. తొలి భాగం చివర రేకెత్తిన "కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడు" అన్న ప్రశ్న దాదాపు రెండేళ్ళు దేశమంతటా చర్చలో నిలిచింది. ఆ ప్రశ్నకు సమాధానం యుద్ధంలో కాక ధర్మసంకటంలో దొరకడం రెండవ భాగానికి బలమైంది.

చిత్రాంతంలో మహేంద్ర బాహుబలి మాహిష్మతిపై దండెత్తుతాడు. తాటిచెట్లను వంచి, డాళ్ళను చుట్టూ కప్పుకున్న సైనికులను వాటితో కోటలోకి విసిరే ఎత్తుగడ ఇందులో ఉంది. తరువాత మహేంద్రునికి, భల్లాలదేవునికి ద్వంద్వయుద్ధం జరుగుతుంది.

రెండు యుద్ధాల పోలిక

వ్యూహం: కాలకేయ యుద్ధంలో వ్యూహం ముందుగా చెప్పబడుతుంది, తరువాత భగ్నమవుతుంది, చివరికి మరో ఉపాయంతో సరిదిద్దబడుతుంది. మాహిష్మతి ముట్టడిలో ఉపాయం అప్పటికప్పుడు పుడుతుంది. తాటిచెట్ల ఘట్టం చూడడానికి వింతగా ఉన్నా, సహజత్వం లోపించిందని పలువురు అభిప్రాయపడ్డారు.

ఫలితం: తొలి యుద్ధంలో విజయం ఒకరిది, రాజ్యం మరొకరిది. ఈ మలుపు ప్రేక్షకుడు ఊహించనిది. మలి యుద్ధంలో భల్లాలదేవుని పతనం ముందే తెలిసినదే. దేవసేన ఏళ్ళ తరబడి పుల్లలు ఏరి పేర్చిన చితిపై అతడు దహనమవుతాడన్న సూచన తొలి భాగంలోనే ఉంది. కనుక ఇక్కడ ఉన్నది తీర్పు కాదు, తీర్పు అమలు.

ప్రతినాయకుడు: తొలి యుద్ధంలో శత్రువు బయటివాడు. మలి యుద్ధంలో శత్రువు సొంత పెదతండ్రి. అందువల్ల రెండవ యుద్ధానికి ఉద్వేగం ఎక్కువ. అయితే భల్లాలునితో మహేంద్రునికి పరిచయం స్వల్పం. ఆ పగ తండ్రిదే తప్ప అతను స్వయంగా అనుభవించినది కాదు. అమరేంద్రుని కథ తరువాత మహేంద్రుని యుద్ధం తేలికగా తోచడానికి ఇది ఒక కారణం.

స్త్రీ పాత్రలు: తొలి భాగంలో అవంతిక తిరుగుబాటు దళానికి చెందిన యోధురాలు. కాని శివుని కలిసిన తరువాత ఆమె లక్ష్యాన్ని అతడే తీసుకుంటాడు. ఆమె దుస్తులను, అలంకరణను శివుడు ఆమె ఇష్టంతో పనిలేకుండా మార్చే సన్నివేశం 2015లో తీవ్ర విమర్శకు గురైంది. రెండవ భాగంలో అవంతిక దాదాపు కనిపించదు. ఆ లోటును దేవసేన తీర్చింది. ఆమె కత్తి, విల్లు రెండూ పట్టగల యోధురాలు. స్త్రీలను అవమానించిన సేనాపతి వేళ్ళు నరికి, ఆ పనికి నిండుసభలో సమాధానం చెబుతుంది. ఈ ఒక్క విషయంలో మలి భాగం తొలి భాగాన్ని స్పష్టంగా మించింది.

విమర్శ: కాలకేయులను నల్లని దేహచ్ఛాయ గల అనాగరికులుగా చూపడం పట్ల అభ్యంతరాలు వచ్చాయి. వారి కోసం తమిళ రచయిత మదన్ కార్కి కిలికి అనే కల్పిత భాషను తయారుచేశాడు.

ఇతర దేశాల చిత్రాలతో పోలిక

యుద్ధకళా చిత్రాలకు కొనసాగింపులు తీసేటప్పుడు ప్రత్యర్థిని పెద్దవాడిని చేయడం, స్థలాన్ని మార్చడం సాధారణం. హాంగ్‌కాంగ్ చిత్రం ఇప్ మాన్ (2008)లో జపాను ఆక్రమణ కాలపు ఫోషాన్ నగరంలో కథానాయకుడు ఒకేసారి పదిమంది కరాటే యోధులతో తలపడతాడు. ఇప్ మాన్ 2 (2010)లో కథ హాంగ్‌కాంగ్‌కు మారి, చివరి ప్రత్యర్థిగా బ్రిటిష్ బాక్సరు వస్తాడు. థాయ్ చిత్రం ఓంగ్ బాక్ (2003) వర్తమాన కథ కాగా, ఓంగ్ బాక్ 2 (2008) తొలి చిత్రంతో సంబంధం లేకుండా 15వ శతాబ్దానికి వెళ్ళిపోయింది. బాహుబలి ఈ రెండు మార్గాలనూ అనుసరించలేదు. కొత్త శత్రువును తేకుండా, పాత శత్రువు ఎలా పుట్టాడో చెప్పింది.

ఆదరణ, పురస్కారాలు

తొలి భాగానికి సుమారు 180 కోట్ల రూపాయలు, రెండవ భాగానికి సుమారు 250 కోట్ల రూపాయలు ఖర్చయినట్లు అంచనా. వసూళ్ళలో రెండవ భాగం తొలి భాగాన్ని ఎంతగానో మించి, ప్రపంచవ్యాప్తంగా 1000 కోట్ల రూపాయలు దాటిన మొదటి భారతీయ చిత్రమైంది. 63వ జాతీయ చలనచిత్ర పురస్కారాలలో తొలి భాగం ఉత్తమ చిత్రంగా ఎంపికైంది. ఈ గౌరవం పొందిన తొలి తెలుగు చిత్రం ఇదే. 65వ జాతీయ పురస్కారాలలో రెండవ భాగానికి ఉత్తమ జనరంజక చిత్రం, ఉత్తమ పోరాట దర్శకత్వం, ఉత్తమ స్పెషల్ ఎఫెక్ట్స్ పురస్కారాలు లభించాయి.

రెండు భాగాలనూ కుదించి ఒకే చిత్రంగా కూర్చిన బాహుబలి: ద ఎపిక్ 2025 అక్టోబరు 31న విడుదలైంది. దీని నిడివి సుమారు 3 గంటల 45 నిమిషాలు. కాలకేయ యుద్ధం ఇందులో కథ మధ్యలో వస్తుంది. రెండేళ్ళ ఎడం లేకుండా చూసినప్పుడు, రణరంగంలో శివగామి ఇచ్చిన తీర్పుకు, తరువాత అదే శివగామి ఇచ్చిన మరణాజ్ఞకు మధ్య ఉన్న వైరుధ్యం మరింత స్పష్టంగా కనిపిస్తుంది.