బిడ్డల బుగులునకు కొలత



జ్వరము వచ్చిన బిడ్డకు థర్మామీటరు పెట్టి చూతుము. మనసులోని బుగులునకట్టి గాజుగొట్టము లేదు, అడిగి తెలిసికొనవలసినదే. అడుగుటకును ఒక పద్ధతి యుండవలెనని వైద్యులు ప్రశ్నావళులను కూర్చిరి.

అందొకటి 1997లో అమెరికాలోని పిట్స్‌బర్గున బోరిస్ బిర్మాహర్ అను వైద్యుడును సహచరులును ప్రకటించిన 'స్కేర్డ్' అను పత్రము. మొదట 38 వాక్యములుండగా 1999 నాటికి 41 అయ్యెను. అది 8 మొదలు 18 ఏండ్లవారికి. భయమైనపుడు ఊపిరి యాడకుండుట, క్రొత్తవారి యెదుట నోరు పెగలకుండుట, ఇల్లు విడిచి నిద్రింప జంకుట మున్నగునవి గడచిన 3 నెలలలో తనకెంతవరకు నిజమో బిడ్డయే చెప్పవలెను. నిజము కానిచో సున్న, కొంత నిజమైనచో 1, తరచుగా నిజమైనచో 2. మొత్తము 82కు 25 గాని, అంతకు మించి గాని వచ్చినచో వైద్యునకు చూపవలెను. అంతమాత్రమున రోగమని నిర్ణయింపరాదు. ఇది జల్లెడ పట్టుట వంటిది. రాళ్లేరుట తరువాతి పని.

ఇందు నాలుగు వాక్యములు బడిని గూర్చినవి. వానిలో 3 వచ్చినను ఉపేక్షింపరాదందురు. అవి చదివినపుడు నాకొక పిల్లవాడు జ్ఞప్తికి వచ్చెను. లెక్కల పరీక్షనాడెల్ల కడుపు నొచ్చుచున్నదని మూల్గెడివాడు. దొంగనొప్పియని నేను బెత్తము చూపితిని. భయము వలన కడుపు నిజముగనే నొచ్చునని నాకప్పుడు తెలియదు.

తలిదండ్రులకును ఇట్టి పత్రమే వేరుగ కలదు. రెండింటి లెక్కలు తరచు కలియవు. బిడ్డ లోపల దాచుకొన్నది తల్లికి కనబడకపోవచ్చును గదా!

మన జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి సీమలలో భాష మరియొక చిక్కు. "నీకు ఆందోళన యున్నదా" యని యడిగినచో, కచేరీ యెదుట జెండాలు పట్టుట యని పిల్లవాడు తలంచును. "రంది యున్నదా, బుగులు పుట్టుచున్నదా" యన్నచో తెలియును. గ్రాంథికమునకు అలవడిన నేనే యీ మాట చెప్పవలసి వచ్చినది! తండాలో లంబాడీ మాటలాడు చిన్నవానికి ఇదియు చాలదు. కావుననే తెలుగు చేసినదానిని వేరొకరిచే మరల ఆంగ్లమున వ్రాయించి, మూలముతో సరిచూతురు. ఆ 25 అను హద్దును కూడ ఇచ్చటి బిడ్డలను వైద్యులు పరీక్షించి చూచిన ఫలితముతో పోల్చిన పిమ్మటనే నమ్మవలెను.

పత్రమును తరగతిలో నందరి యెదుట బిగ్గరగ చదివి చేతులెత్తింపరాదు. ఏ బిడ్డయు నిజము చెప్పదు. ఏకాంతమున నడుగవలెను. వైద్యుడు దూరమైనచో, 2022లో ప్రభుత్వమువారారంభించిన 'టెలి మానస్'కు 14416 సంఖ్యపై ఫోను చేసి ఉచితముగ తెలుగులోనే మాటలాడవచ్చును.